జొన్నరొట్టె ఎముకలు

నా మనవరాలికి మూడో నెల. రోజూ పొద్దున్నే పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుని నీళ్లు పోసేది నేనే. మన్సూరాబాద్‌లో మా వీధి మొత్తానికీ ఆ విద్యలో ఈ సూర్యప్రభదే పేరు. ఆ పేరును ఒక కాగితం మింగేసింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎముకల స్కాన్ తీయించుకుంటే మైనస్ రెండు పాయింట్ ఆరు అని వచ్చింది. ఎముకలు గుల్లబారాయట. కోడలు సింధు ఆ కాగితం చూసి హడలిపోయింది.

"పాపను ఎత్తుకుని లేచేటప్పుడు మీరు తూలితే ఇద్దరికీ ప్రమాదం అత్తయ్యా. ఇకనుంచి అరుణమ్మగారు పోస్తారులెండి" అంది.

అరుణమ్మ మా పక్క వాటాలో ఉంటుంది. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చింది, నా వయసే. ఎల్బీనగర్ క్యాంపులో ఆవిడకూ అదే స్కాన్ తీశారు. మైనస్ ఒకటి పాయింట్ ఎనిమిదట. కాస్త పలచబడ్డాయి, భయం లేదన్నారట.

మర్నాడు నా పీట మీద అరుణమ్మ, ఆవిడ కాళ్ల మీద నా మనవరాలు. పిల్ల ఏడిస్తే బాగుండునని చూశాను. ఏడవలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మేం జొన్నరొట్టెలు తిని పెరిగినోళ్లం అక్కా. మా బొక్కలు గట్టిగుంటయి" అంది అరుణమ్మ నవ్వుతూ.

గేదె పాలు, గడ్డపెరుగు తిని పెరిగినదాన్ని నేను. ఆవిడకు టీలో తప్ప పాలు తెలియవు. ఇదెక్కడి న్యాయం? దాచుకోవడమెందుకు, కుళ్లుకున్నాను. నూనె ఎక్కువైందని ఒకరోజు, నీళ్లు చల్లారాయని ఒకరోజు వంకలు పెట్టాను. దేనికైనా "సరే అక్కా" అనేది. ఆ మంచితనం ఇంకా కంటగింపు.

వారం ఓపికపట్టి, మందుల పేర్లు చూస్తానని చెప్పి ఆవిడ రిపోర్టు తెచ్చుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని రెండింటినీ వరసవరసా పోల్చాను. అడుగున చిన్న అక్షరాలు తేడాగా కనిపించాయి. నన్ను తెల్లజాతి ఆడవాళ్లతో పోల్చారు, ఆవిడనేమో మన దేశపు ఆడవాళ్లతో. రెండూ పట్టుకుని ఆటో ఎక్కాను.

"మంచి పని చేశారు" అంది నాకు స్కాన్ రాసిన డాక్టర్ అలేఖ్య. "ఎముకల సగటు సాంద్రత అన్ని జాతుల్లో ఒకేలా ఉండదండీ. జన్యువులు కొంత, ఒంటి తీరు కొంత, తిండి, ఎండ కొంత. ఎవరితో పోలిస్తే అంకె అలా మారుతుంది. మీకు పెట్టిన కొలతే పెడితే ఆవిడదీ మైనస్ రెండున్నర. ఇద్దరివీ దాదాపు ఒకటే."

దారంతా నాకు పండగే. గుమ్మంలో నుంచే కేకేశాను. "సింధూ, అరుణమ్మవీ నాలాంటి ఎముకలే! జొన్నరొట్టె లేదు, గిన్నరొట్టె లేదు!"

పాపకు నూనె రాస్తున్న అరుణమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నాకు గూడనా అక్కా?" అంది. "మా అమ్మ తుంటి ఇరిగి మూడేండ్లు మంచంలనే ఉన్నది. నేనే ఎత్తిన, కడిగిన. నాకు రాదనుకున్న."

కొంచెం ముందు నేను పడ్డ సంబరం తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేసింది. ఈలోగా సింధు పాపను ఆవిడ కాళ్ల మీంచి తీసేసుకుంది.

"ఇక ఇద్దరూ వద్దు. మా అమ్మను పిలుస్తాను" అంది.

సాయంత్రమే అరుణమ్మను అలేఖ్య దగ్గరికి తీసుకెళ్లాను. ఇద్దరికీ ఒకే మాత్ర రాసింది.

మర్నాడు సైదాబాద్ నుంచి వియ్యపురాలు వేదవతి దిగింది. వస్తూనే చీర పైకి దోపుకుని పీట మీద కూర్చుని, పిల్లను కాళ్ల మీద వేసుకుంది. మేమిద్దరం గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాం. ఆవిడ ఎప్పుడూ ఏ స్కానూ తీయించుకోలేదని నాకు తెలుసు. అడుగుదామని నోరు తెరిచాను.

అరుణమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అడగకు అక్కా" అంది మెల్లగా. "గా పొల్లకు నీళ్లు పోసెటోళ్లు ఒక్కరన్న మిగలనియ్యి."