పుర్రచేతి తుపాకి

తుపాకీ కొనుక్కోవచ్చు, కట్టించుకోనూ వచ్చు. కొనుక్కున్నది రెడీమేడ్ జాకెట్టు లాంటిది. చంకల్లో పట్టేస్తుంది, భుజాల మీద జారుతుంది. ఆరేళ్ళు అలాంటిదానితోనే నెట్టుకొచ్చి, ఇక నా వల్ల కాక, ఈ ఏప్రిల్‌లో నాకంటూ ఒకటి కట్టించుకుందామని కూర్చున్నాను. యాభై నాలుగేళ్ళ ఆడదాన్ని, అమెరికాలో బాతెల్‌లో ఒక బయోటెక్ ల్యాబులో పొద్దస్తమానం పిపెట్ పట్టుకుని బతికేదాన్ని, నాకెందుకు తుపాకీ అంటారా? అడగండి. అందరూ అడిగారు, మీరే మిగిలారు.

యాభై మీటర్ల దూరంలో కాగితం మీద నల్లటి గుండ్రం ఉంటుంది. బోర్లా పడుకుని అరవైసార్లు దాని నడిమి చుక్కని కొట్టాలి. ఒక్కో దెబ్బకి పది, మొత్తం ఆరొందలు. అంతే ఆట. ఒక్క ప్రాణిని కొట్టింది లేదు, కొట్టబోను కూడా. సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది ఆఫీసువాళ్ళు సరదాగా షూటింగ్ క్లబ్‌కి తీసుకెళ్తే పడుకున్నాను. ఆ పడుకోవడంలో బుర్రలో ఉన్న గోలంతా ఆగిపోయింది. అప్పట్నుంచి ప్రతి శనివారం వెళ్తూనే ఉన్నాను.

మా రాష్ట్రం జట్టులో నలుగురికే చోటు. ట్రయల్స్‌లో ఐదొందల తొంభై కొడితేనే పిలుపు. మూడేళ్ళుగా నాకు ఐదొందల ఎనభై ఎనిమిది. ఏటా అదే అంకె, ఏటా రెండు పాయింట్లు తక్కువ. ఈ జూన్ ట్రయల్స్‌కి కొత్త తుపాకీ ఎలాగూ అందదు, నా గురి వచ్చే ఏడాది జూన్ మీదే. ఈసారి ఆ నలుగురిలో లేకపోతే నా పేరు అన్నపూర్ణే కాదని మా ఆయనతో అన్నాను.

"పోయినేడూ అదే అన్నావు. పేరు మార్చుకోలేదుగా," అన్నారు విశ్వనాథ్ గారు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. అదీ నా మొగుడి ప్రోత్సాహం.

రస్సెల్ అనే తుపాకులు కట్టే ఆయన దగ్గరికి వెళ్ళేముందే ఆర్నెల్లు చదివాను. ఎమ్మెస్సీ పరీక్షలకి కూడా అంత చదవలేదు. బ్యారెల్ ఇరవయ్యారు అంగుళాలా, ఇంకాస్త పొట్టిదా? ట్రిగ్గర్ ఎంత తేలిగ్గా కదలాలి? చెంప ఆనించి భుజానికి అదుముకునే చెక్క, స్టాక్ అంటారు, అది వాల్‌నట్‌దా, పొరలు అతికించినదా? అన్నిటికీ కీలకం యాక్షన్. తూటా వెళ్ళి కూర్చునేదీ, బోల్టు లాగేదీ అక్కడే. మిగతావన్నీ దానికి బిగించేవి. యాక్షన్ ఏ చేతిదైతే తుపాకీ ఆ చేతిది, తర్వాత మార్చడం కుదరదు. అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని స్నోహోమిష్ దగ్గర ఆ ముసలాయన షెడ్డుకి బయల్దేరాను. టార్గెట్ తుపాకులు చేత్తో కట్టేవాళ్ళలో మా క్లబ్ మొత్తం నమ్మేది ఆయన్నే.

వెంట మా అమ్మ ధనమ్మ. డెబ్భై ఐదు దగ్గర పడింది, ఫిబ్రవరిలో తెనాలి నుంచి వచ్చింది. ఇంట్లో ఒంటరిగా వదిలితే పోపు పెడుతుంది, స్మోక్ అలారం మోగుతుంది, ఫైర్ ఇంజన్ వస్తుంది. ఒకసారి అయింది ఆ ముచ్చట. అందుకని ఎక్కడికెళ్ళినా వెంటేసుకెళ్తున్నాను.

"ఆడదానివి, బోర్లా పడుకుని తుపాకీ పేల్చడమేంటే," అని దారి పొడుగునా సణిగింది.

"నిలబడి పేల్చేది కూడా ఉందమ్మా. అందులో చేరనా?"

ఆవిడ పర్సు ఒళ్ళోకి లాక్కుని సీటు బెల్టు సర్దుకుంది.

రస్సెల్ నా నోట్‌బుక్ ఆసాంతం చదివాడు. ఒక్కచోట కూడా తప్పు పట్టలేదు. బ్యారెల్ బాగుంది, ట్రిగ్గర్ బాగుంది, వాల్‌నట్ మంచి ఆలోచన అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. చివర్లో "ఏ చెయ్యి?" అన్నాడు.

"రైట్," అన్నాను. ఆలోచించడానికేముంది? నాకు రైటంటే కుడి, రైటంటే ఒప్పు. మా ఇంట్లో రెండూ ఒకటే.

ఆయన రాసుకుంటూంటే మోచెయ్యి తగిలి బల్ల మీంచి చిన్న మరమేకు దొర్లింది. కింద పడకుండా పట్టేశాను. రస్సెల్ కలం ఆపి నా చేతివంక చూశాడు. తర్వాత ఇంకో మరమేకు తీసి కావాలనే దొర్లించాడు. అదీ పట్టాను. రెండుసార్లూ ఎడమచేత్తో.

"రెండు చేతులూ ముందుకు చాపి, బొటనవేళ్ళ మధ్య చిన్న కిటికీ చెయ్యి," అన్నాడు. "అందులోంచి ఆ గోడగడియారం చూడు. ఇప్పుడు కుడికన్ను మూసుకో."

మూసుకున్నాను. గడియారం అక్కడే ఉంది.

"ఇప్పుడు ఎడమది."

ఎడమకన్ను మూసేసరికి గడియారం లేదు, ఉత్త గోడే ఉంది. నేను నమ్మక మళ్ళీ చేశాను. మూడోసారి కూడా ఉత్త గోడే.

నా పాత స్కోరుకార్డులు అడిగి తీసుకున్నాడు. మొదటి నలభై దెబ్బల్లో పోయినవి మూడు పాయింట్లు. చివరి ఇరవైలో తొమ్మిది. మూడేళ్ళూ ఇంచుమించు అలాగే. "నీ కుడికన్నుతో బలవంతంగా పని చేయిస్తున్నావు, ఆనా. నలభైకల్లా అది అలిసిపోతోంది," అన్నాడు. అన్నపూర్ణ ఆయన నోట్లో ఆనా అయింది. "నీ లిస్టు ప్రకారం కట్టమంటే కడతాను. చాలా మంచి తుపాకీ అవుతుంది, కాకపోతే ఇంకొకరిది అవుతుంది. నువ్వు ఎడమచేతిదానివని నీకెవరూ చెప్పలేదా?"

చెప్పకపోవడమేంటి. మూల కుర్చీలో పర్సు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది చెప్పినావిడ.

మా వైపు దాన్ని పుర్రచెయ్యి అంటారు. ఐదేళ్ళప్పుడు పలక మీద మొదటి 'అ' ఆ చేత్తోనే రాశాను. అమ్మ తుడిచేసింది. "ఆ చెయ్యి కాదే," అంది. ముద్ద ఎత్తితే "ఆ చెయ్యి కాదే." ఎవరికైనా గ్లాసు అందిస్తే "ఆ చెయ్యి కాదే," దాంతోపాటు మణికట్టు మీద ఒక్కటి. అప్పటికీ దారికి రాలేదని పాత వాయిల్ చీర అంచు చింపి, ఎడమచేతిని వెనక్కి పెట్టి నడుముకి కట్టేసింది. ఎన్నాళ్ళు కట్టిందో గుర్తులేదు. తర్వాత నేను కుడిచేతిదాన్నయ్యాను, ఆ సంగతి నేనే మర్చిపోయాను.

కార్లో అమ్మ అడిగింది, "ఏమన్నాడే ముసలాడు?"

"నేను పుర్రచేతిదాన్నట. ఆయనకి పావుగంటలో తెలిసిపోయింది."

అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. నాకు ఒళ్ళు మండిపోతోంది. దాచుకునే రకాన్ని కాదు, దాచుకోలేదు కూడా. "మూడేళ్ళమ్మా. మూడేళ్ళుగా రెండు పాయింట్ల కోసం చస్తున్నాను. నీ చీర అంచు నన్ను ఇంకా కట్టేసే ఉంచింది," అన్నాను. ఫ్రీవే మీద ఎగ్జిట్ కూడా మిస్సయ్యాను.

వెనక్కి తిప్పుకుని వస్తుంటే అమ్మ అంది. "మీ నాయనమ్మ బంతిలో అందరి ముందూ అంది, పుర్రచేతి పిల్లని కన్నావు, ఇది వడ్డిస్తే మా ఇంట్లో ఎవరూ తినరని. నాకు పాతికేళ్ళప్పుడు. ఏం చెయ్యాలో తెలియలేదు." మళ్ళీ తనే అంది. "కట్టిన మూడో రోజు నీకు జ్వరమొచ్చింది. అప్పుడైనా విప్పాల్సింది. విప్పలేదు."

కోపం పోయిందని చెప్పను, పోలేదు. ఆ జ్వరం సంగతి మాత్రం నాకు తెలియదు.

నేను ఏ చెయ్యో తేల్చుకునేదాకా రస్సెల్ ఆర్డర్ ఆపి ఉంచుతానన్నాడు, ఐదు వారాలు. భాగాలు వచ్చి తుపాకీ తయారయ్యేసరికి సెప్టెంబరవుతుంది, అంతకంటే ఆలస్యమైతే జూన్‌కి చేతులెత్తేయాల్సిందే. మా క్లబ్‌లో ఎవరూ ముట్టని ఒక పాత ఎడమచేతి తుపాకీ ఉంది. తాడో పేడో దాని మీదే తేల్చుకుందామని, ల్యాబు నుంచి నేరుగా క్లబ్‌కి పోవడం మొదలుపెట్టాను. వెంట అమ్మ ఎలాగూ ఉంటుంది. చెవులకి మఫ్‌లు తగిలించుకుని అద్దం వెనక కూర్చునేది.

మొదటివారం ఐదొందల ఇరవై ఒకటి. సిగ్గేసింది. శ్వాస ఎక్కడ ఆపాలో తెలియదు, బోల్టు కోసం చెయ్యి గాలిలో వెతుక్కుంటోంది. క్లబ్‌లో పిల్లలు నన్ను చూసి జాలిపడ్డారు, అది పుండు మీద కారం. పళ్ళు బిగించి పడుకున్నాను. మోచెయ్యి కొట్టుకుపోతే కట్టు కట్టుకుని మళ్ళీ పడుకున్నాను. మూడోవారం ఐదొందల యాభై ఎనిమిది. ఐదోవారం ఐదొందల డెబ్భై ఒకటి.

"ఎనభై ఎనిమిదిని వదిలేసి డెబ్భై ఒకటికి దిగావన్నమాట," అన్నారు మా ఆయన, అన్నం కలుపుకుంటూ. "ఈ వయసులో ఎందుకు చెప్పు. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

"నేను వంగట్లేదండీ. చిన్నప్పుడు వంచినదాన్ని నిటారుగా నిలబెడుతున్నాను."

ఆయన తినడం ఆపి అమ్మవంక చూశారు. అమ్మ పెరుగు గిన్నె నా వైపు జరిపింది, అంతే.

ఆ రాత్రి భోజనాలయ్యాక కార్డు టేబుల్ మీద పెట్టి ఇద్దరికీ చూపించాను. మొదటి ఇరవై దెబ్బలకి నూటతొంభై, నడిమి ఇరవైకి నూటతొంభై ఒకటి, చివరి ఇరవైకి నూటతొంభై. "చూశారా, ఎక్కడా జారలేదు," అన్నాను. "కుడిచెయ్యి ఎక్కాల్సినంతా ఎక్కేసింది. దీనికి ఇంకా ఏడాది ఉంది." మా ఆయన అంకెల మనిషి. కార్డు రెండుసార్లు చదివి, "అయితే ఎడమదే చెప్పు," అన్నారు. ఆయన నోట్లోంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను ఎరగను.

శనివారం మళ్ళీ స్నోహోమిష్. అమ్మ అదే మూల కుర్చీలో కూర్చుంది. నోట్‌బుక్‌లో బ్యారెల్ అదే, ట్రిగ్గర్ అదే, వాల్‌నట్ అదే. యాక్షన్ దగ్గర కుడి కొట్టేసి ఎడమ అని రాశాను.

"ఖాయమేనా? ఒకసారి ఆర్డర్ పెట్టాక వెనక్కి లేదు," అన్నాడు రస్సెల్.

"ఖాయం. జూన్‌లో ఐదొందల తొంభై కొట్టాలి, ఈ చేత్తోనే కొడతాను."

ఆయన ఎడమవైపు కొలతలన్నీ తీసుకున్నాడు. మెడ ఎంత, చెయ్యి ఎంత, చెంప ఎముక ఎక్కడ. అంతా అయ్యాక ఒక తెల్లకాగితం, లావుపాటి కలం నా ముందు పెట్టాడు. కట్టే ప్రతి తుపాకీకీ స్టాక్ అడుగున యజమాని పేరు చెక్కుతాడట, వాళ్ళ చేతిరాతలోనే. "మీ భాషలో రాయి. ఎలా రాస్తే అలాగే చెక్కుతాను," అన్నాడు.

కలం తీసుకున్నాను. యాభై ఏళ్ళ అలవాటు, ఏ చేత్తో తీసుకుంటాను?

"ఆ చెయ్యి కాదే."

వెనక కుర్చీలోంచి. అదే గొంతు. చిన్నప్పటిలాగే నా చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చింది. తిరిగి చూస్తే అమ్మ లేచి నిలబడి ఉంది, పర్సు కింద పడింది, తీసుకోవట్లేదు.

"రాతకి అక్కర్లేదమ్మా. పేల్చడానికే ఎడమది," అన్నాను.

"నాకు తెలుసు. ఆ చెయ్యి కాదు," అంది.

కలం ఎడమచేతిలోకి మార్చుకున్నాను. కన్నీళ్ళు కాగితం మీద పడకుండా తల పక్కకి తిప్పుకుని రాశాను. 'అ' పొట్ట ఉబ్బి పక్కకి ఒరిగింది. కింది ఒత్తు జారిపోయింది. 'ర్ణ' దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోవచ్చింది, దాన్ని మూలకి ఇరికించాల్సి వచ్చింది. అమ్మ వచ్చి పక్కన నిలబడి ఒక్కో అక్షరం వంకా చూసింది.

రస్సెల్ కాగితం తిప్పి చూసి, ఇంకొకటి ఇవ్వబోయాడు.

"ఏమంటున్నాడే?" అంది అమ్మ.

"వంకరగా వచ్చింది, ఇంకోసారి రాయమంటున్నాడు."

అమ్మ నేను రాసిన కాగితాన్ని రెండు చేతులా తీసుకుని ఆయనకి తిరిగి ఇచ్చింది. "వద్దను. దీన్నే చెక్కమను," అంది.