ఇంటి సంగతి బాడుగోళ్లనడుగు

బర్నబాసు ఎవరినీ నమ్మే రకం కాదు. ఎనిమిదో తరగతిలో బడి వదిలేసి, లారీ క్లీనరుగా మొదలై, ఇప్పుడు మదనపల్లెలో ఒక ప్రైవేటు బడి వ్యాను తోలుతున్నాడు. అట్లాంటి మనిషికి యాభై దాటేసరికి నమ్మకాలన్నీ టైర్ల మాదిరి అరిగిపోయి ఉంటాయి మరి. పెళ్లయినప్పటి నుంచీ బాడుగ ఇళ్లలోనే కాపురం. ఓనరు కూతురు పురిటికొస్తే ఖాళీ చెయ్యాల, ఓనరుకు కోపమొస్తే ఖాళీ చెయ్యాల, కోపం రాకపోయినా బాడుగ పెంచుకోవాలనిపిస్తే ఖాళీ చెయ్యాల.

ఆయన భార్య దెబోరా మిషను ఆస్పత్రిలో నర్సు. ఇద్దరూ కడుపు కట్టుకుని, ఊరి బయట పుంగనూరు రోడ్డులో చిన్న సైటు కొన్నారు. ఇప్పుడు దాంట్లో ఇల్లు కట్టాల. కట్టేది ఒక్కసారే. తప్పుడు చేతిలో పెట్టి చెడగొట్టుకుంటే, మళ్లీ కట్టుకునే శక్తీ లేదు, వయసూ లేదు. ఎవరి చేతిలో పెట్టాలన్నదే ఆ నెలంతా ఇంట్లో రగడ.

దెబోరా మనసు మదనపల్లెలోని ఒక అద్దాల ఆఫీసు మీద పడింది. సరే పదమని పోయినారు. లోపల ఏసీ, గోడకు పెద్ద టీవీ, ఆ టీవీలో గద్ద ఎగురుతూ చూసినట్టు పైనుంచి తీసిన ఇళ్ల వీడియోలు.

“మా రేటింగు చూసినారా సార్? అయిదుకు నాలుగు పాయింట్ తొమ్మిది,” అన్నాడు బిల్డరు, ఫోను తిప్పి చూపిస్తూ.

“ఆ మిగిలిన పాయింటు యాడ పోయిందప్పా?”

“అది దిష్టికి సార్!” బిల్డరు గట్టిగా నవ్వినాడు. దెబోరా కూడా నవ్వింది. బర్నబాసు నవ్వలేదు.

“పుంగనూరులో మేం కట్టిన ఇల్లుండాది. పోయి మీ కండ్లతో మీరే చూసుకోండి. ఓనరుతో మాట్లాడుకోండి.”

మరుసటి సెలవు రోజు బస్సెక్కి పుంగనూరు పోయినారు. ఓనరు తిమ్మప్ప గేటు దాకా ఎదురొచ్చినాడు. నేల మీద ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత మెరుపు. హాల్లో పైకప్పు కింద ఇంకో అలంకారం కప్పు, దాంట్లో దాక్కుని వెలిగే లైట్లు. తిమ్మప్ప ఒక్కో స్విచ్చీ వేసి ఆర్పి చూపించినాడు.

“ఒక్క లోటు లేదప్పా. కండ్లు మూసుకుని ఇచ్చేయండి ఆయనకు.”

దెబోరా ముఖం కూడా ఆ లైట్లలో ఒకటైపోయింది. ఇంక అయిపోయింది, ఈమె ఒప్పేసుకుంది అనుకున్నాడు బర్నబాసు. తిమ్మప్ప లోపలికి పోయినాడు, వీళ్లు బయటికొచ్చి చెప్పులు వేసుకుంటున్నారు. అప్పుడు మిద్దె మీద బట్టలారేస్తున్న ఒక పిల్ల మెట్ల మీదికి వంగింది. పేరు అశ్విని, పై పోర్షన్లో బాడుగకుంటుంది.

“ఇల్లు చూసేకి వచ్చినారా అక్కా? మేము ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తాండాము.”

బర్నబాసు నోరు తెరిచేలోపే దెబోరా “అవునమ్మా, బాడుగకు చూస్తాండాము” అనేసింది. సండే స్కూల్లో పిలకాయలకు అబద్ధం ఆడకూడదని పాఠం చెప్పే మనిషి!

ఆ పిల్ల కింది వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోయింది. “పాపం, మీరు పెద్దోళ్లు. చెప్పకుంటే నాకు పాపం తగులుతుంది.” బీరువా పక్కకు జరిపింది. వెనక గోడ టీలో ముంచిన రస్కు మాదిరి ఉంది. వేలితో పొడిస్తే పూత రాలి కింద పడింది. బాత్రూంలో ఒక చెంబు నీళ్లు పోసి చూపించింది. నీళ్లు బొక్క దిక్కు పోకుండా, చుట్టాల మాదిరి నేరుగా హాల్లోకి వచ్చినాయి.

“ఓనరుకు చెప్పలేదా?” అన్నాడు బర్నబాసు.

“మీరు నీళ్లు ఎక్కువ పోస్తారంటాడు. ఇల్లు అమ్మకానికి పెట్టుండాడు గదా, బయట అనొద్దంటాడు.”

“కట్టినోనికి?”

“ఫోనెత్తితే గదన్నా!”

తిరుగు బస్సులో దెబోరా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బర్నబాసు మాత్రం ఎన్నో ఏండ్లుగా లేనంత హుషారుగా ఉన్నాడు. “ఇల్లు కారతాదని ఏ ఓనరన్నా చెప్పుకుంటాడా? బాడుగోళ్లనడగాల. మనం ఉండి వచ్చిన ఇండ్లలో ఏ గోడ యాడ చెమ్మగిల్లతాదో మనకు తెలిసినట్టు ఆ ఓనర్లకు తెలుసునా?”

“సంతోషమే. నీకు ఇప్పుడు ఇల్లు దొరికిందా, తిట్టేకి ఇంకో మనిషి దొరికినాడా?” అంది దెబోరా.

బర్నబాసు లేచి, ముందు సీటు ఖాళీ అయితే ఆడికి పోయి కూర్చున్నాడు.

ఊర్లో అడిగిన మేస్త్రీలందరికీ బర్నబాసు ముందే ఏదో ఒక వంక పెట్టేసినాడు, ఇంక మిగిలింది ఒక్క పేరే. దెబోరాతో పని చేసే జెనిఫర్‌ది కుప్పం. వాళ్ల వీధిలో మునెప్ప అనే మేస్త్రీ కట్టిన ఇల్లుందని, పైన బాడుగకు బోర్డు కూడా పెట్టినారని చెప్పింది. మునెప్పకు ఆఫీసు లేదు, బోర్డు లేదు, రేటింగు లేదు. “అదన్నా మంచిదే, దిష్టికి పోయే పాయింటు ఉండదు,” అన్నాడు బర్నబాసు. ఈసారి ఇద్దరూ బస్సులోనే మాట అనుకున్నారు: బాడుగకు వచ్చినామనే చెప్పాల.

ఆ ఇంటి కింది పోర్షన్లో యశోదమ్మ అని, కుట్టుమిషను పెట్టుకుని బతికే ఆమె ఉంది. ఓనరు బెంగుళూరులో ఉంటాడు, తాళాలు ఈమె దగ్గరే. బాడుగకు వచ్చినామంటే టీ ఇచ్చి, అడక్కుండానే మొదలుపెట్టింది.

“ఉన్నదున్నట్టు చెప్తా. మెట్ల పక్క గోడ చీలింది, సూడండి, పూడ్చిన గీత. మిద్దె మీద ఒక మూల నీళ్లు నిలస్తా ఉండె, అది సరిచేసినారు. ఇప్పుడు నా వంటింట్లో కొళాయి కింద చెమ్మ.”

 ఊరూరా తప్పులు వెతికే బర్నబాసుకు ఈ తప్పులు మాత్రం రుచించలేదు. ఇదే ఆఖరు పేరు. ఇదీ ఇంతేనా?

“నిన్ననే చెప్పినా. ఈ పొద్దు వస్తానన్నాడు,” అంది యశోదమ్మ.

“ఎవరు, ఓనరా?”

“ఓనరు ముఖం చూసి ఎన్నాళ్లయిందో! మునెప్ప మేస్త్రీ.”

“నువ్వు పిలిస్తే వస్తాడా?”

“నేను పిలవకుంటే ఇంకెవరు పిలుస్తారప్పా? ఉండేది నేను గదా.”

బర్నబాసు మెట్ల మీద కూలబడినాడు. ఇన్ని బాడుగ ఇళ్లలో ఆయన పిలిస్తే వచ్చినవాడు ఒక్కడు లేడు. మిద్దె కారితే గిన్నె పెట్టుకున్నాడు, గిన్నె నిండితే బకెట్టు పెట్టుకున్నాడు.

కొంతసేపటికి టీవీఎస్ బండి శబ్దం. బక్క మనిషి, తెల్ల మీసం, బండికి వేలాడే సంచిలో తాపీ, సుత్తి. వచ్చీ రాగానే వంటింట్లో దూరి కేకలు.

“ఈడ బట్టలుతకద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలమ్మా?”

“నీ పనితనం తడిసిపోతే నా బట్టల మీద పడతావేంది?”

మునెప్ప గొణుక్కుంటూ రెండు టైల్సు పగలగొట్టి, లోపల పైపు తడిమి చూసినాడు. వేలికంటిన తడిని చొక్కాకు తుడుచుకున్నాడు. తర్వాత, “బట్టలు కాదులే. జాయింటు సరిగా బిగీలేదు. నాదే,” అన్నాడు, పొద్దు ఎంతయిందో చెప్పినంత మామూలుగా.

బర్నబాసు ఉండబట్టలేక అడిగేసినాడు. “ఓనరు చెప్పకుండానే యాల వస్తావప్పా?”

మునెప్ప తల తిప్పి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసినాడు. “కారేది ఓనరు నెత్తిన కాదు గదా.”

దెబోరా ఇంక తట్టుకోలేకపోయింది. “అన్నా, మేము బాడుగకు రాలేదు. మదనపల్లెలో ఇల్లు కట్టుకోవాల. నీ పని చూసేకి వచ్చినాము.”

“మరి అబద్ధం యాల చెప్పినారు?” అన్నాడు మునెప్ప.

“నిజం చెబితే ఎవరూ నిజం చెప్పట్లేదన్నా.”

“అయ్యో, నేను బీరువా తప్ప అన్నీ తెరిచి చూపిస్తి గదమ్మా! టీ గూడా తాగితిరి!” అంది యశోదమ్మ, నవ్వాపుకోలేక.

మునెప్ప మాత్రం నవ్వలేదు. చేతులు కడుక్కుంటూ, “మదనపల్లె నాకు దూరం. రేపు మీ ఇల్లు కారితే రాలేను. రాలేని చోట కట్టను,” అన్నాడు.

దెబోరా మొగుడి వైపు చూసింది. ఈ మాట ఇంకెవరన్నా అనుంటే లేచి వచ్చేసేవాడు బర్నబాసు. ఇప్పుడు కదల్లేదు. అందరూ ‘సరే సార్’ అన్నవాళ్లే ఇంతవరకు. కాదన్నవాడు ఈయనొక్కడే.

“కట్టొద్దులే. వచ్చి సైటన్నా చూడప్పా,” అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం ఆయనకే కొత్తగా వినబడింది.

మునెప్ప తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. “చుట్టూ చెరువు మట్టా, గట్టి నేలా?”

“నాకేం తెలుసు? నేను వ్యాను తోలేవాణ్ని.”

“మట్టి చూడందే మాటివ్వను. ఆదివారం వస్తా. బాగుంటే, కట్టినాక ఒక వానాకాలం పోయేదాకా ఆ ఊర్లోనే ఏదో పని పట్టుకుని ఉంటా. అది దాటినాక కారితే మాత్రం నన్ననొద్దు, పైనోణ్ని అను.”

“ఆదివారం మాకు చర్చి ఉంటాదన్నా,” అంది దెబోరా.

“పోయి రాండమ్మా. మీరు ప్రార్థన చేసుకుని వచ్చేలోపల నేను గుంత తవ్వుకుని సూస్తాంటా.”

బస్సు పలమనేరు దాటింది. ఎప్పుడూ బస్సులో కునికే దెబోరా ఆ పొద్దు కునకలేదు.

“ఏమబ్బా, మన ఇంట్లో నాకు ఇష్టమొచ్చిన చోట మేకు కొట్టుకుంటా. ఎవురూ ఏమీ అనకూడదు.”

“కొట్టుకో. వంటింట్లో మాత్రం ఆ మేస్త్రీనడిగి కొట్టు. పైపులో దిగిందనుకో, కుప్పం నుంచి వచ్చి మరీ తిడతాడు.”

“వస్తాడంటావా?”

“వస్తాడు,” అన్నాడు బర్నబాసు.