పది లెక్కపెట్టేలోపు

"నీ వాగుడే నా మనవరాలి మాటల్ని మింగేసిందే," అంది మా అత్త, నేను దుప్పటి పిండుతుంటే. నవ్వేశాను. మూడు దుప్పట్లు పిండాక ఏడుపొచ్చినా తుడుచుకునే ఓపిక ఉండదు, నవ్వయితే తుడుచుకోనక్కర్లేదు.

నాది పెద్ద నోరే, ఒప్పుకుంటాను. బడి గుమ్మం తొక్కలేదు గానీ కోతలు కోయడంలో నా తరవాతే ఎవరైనా. లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ, నేను పుట్టగానే ఏడ్చిన ఏడుపుకి పక్కవీధిలో పెళ్ళి ఆగిపోయిందని చెబితే, తోటివాళ్ళు వింటూ వింటూ చొక్కాలు మాడ్చేసేవాళ్ళు. "నోటిక్కూడా జీతం అడుగుతావా ఏంటి?" అనేవాడు సూపర్‌వైజరు. నా కూతురు నన్ను మించింది. ఎనిమిదేళ్ళకే వసపిట్ట. అందుకే దాన్ని పిచ్చుక అంటాం.

దాని తల లోపల, వెనకవైపు గడ్డ ఉందన్నారు. తీసేశారు. గడ్డతో పాటు మాటా పోయింది. ఏడు వారాలు నోరు విప్పలేదు. చెప్పిందంతా అర్థమవుతోందని కళ్ళు చెప్పేవి. "ఈ ఆపరేషన్ తరవాత కొంతమంది పిల్లలకి ఇలా అవుతుందమ్మా. మాటలు మెల్లగా వస్తాయి," అన్నాడు డాక్టరు. ఎనిమిదో వారం పెదాలు కదిలాయి. "నీ..." అంది. అంతే, నీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చాను. మిగతా సగం దాని నోట్లోనే ఉండిపోయింది.

ఆసుపత్రిలో మాటలు నేర్పే మేడమ్ అది చూసింది. "దాని మాట దాన్నే పూర్తి చేసుకోనివ్వండమ్మా. పది లెక్కపెట్టండి, ఆ తరవాత కదలండి."

"బిడ్డ దాహంతో పోతే?"

"పది లెక్కపెట్టేలోపు ఎవరూ పోరు."

ఆవిడకేం, తేలిగ్గా చెప్పింది. పన్నెండేళ్ళుగా మా ఇంట్లో ఎవరి నోట్లోంచీ మాట పూర్తిగా బయటికి రాకముందే వస్తువు వాళ్ళ చేతిలో పడుతోంది. "ఏదీ, అదీ..." అంటాడు మా ఆయన. ఆ 'అదీ' పొద్దున తువ్వాలు, మధ్యాహ్నం కళ్ళజోడు, సాయంత్రం చెప్పులు. మా అత్తకి ఆ మాత్రం కూడా అక్కర్లేదు, చెయ్యి చాపుతుంది. నేను అందించిన మంచినీళ్ళ గ్లాసులు ఒకదానిమీద ఒకటి పేరిస్తే చందమామ కూడా ఒక గుక్క తాగి, మూతి తుడుచుకునేవాడు.

ఇంట్లో పిచ్చుక కోసం పది లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నేను ఆరు దగ్గర ఉండగానే మా అత్త గ్లాసు దాని నోటికి పెట్టేసింది. "తల్లివా, రాక్షసివా?" అంది. ఇది నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు పిచ్చుక మాట్లాడే ప్రయత్నమే మానేసింది. వాళ్ళ నానమ్మలాగే చెయ్యి చాపి, అచ్చం వాళ్ళ నాన్న గొంతుతో "ఊఁ" అంది.

మేడమ్ దగ్గర గంటసేపు నేర్చుకున్నదాన్ని మా ఇల్లు రోజంతా చెరిపేస్తోంది. అడక్కుండానే అన్నీ వస్తున్నప్పుడు అంత కష్టపడి మాట ఎందుకు తెచ్చుకుంటుంది?

ఆ పూట భోజనాల దగ్గర మా ఆయన, "ఏదీ, అదీ..." అన్నాడు.

నేను కదల్లేదు. ఒకటి, రెండు...

"చెవుడొచ్చిందా?"

"మాట పూర్తయ్యాకే అందించాలని మేడమ్ చెప్పిందండీ."

"ఆపరేషన్ అయింది నాకా?"

"మీకు కాలేదుగా, మీకు ఇంకా తొందరగా వస్తుంది."

"చూశావురా, మొగుడి చేత అడిగించుకుంటోంది!" అంది మా అత్త. ఆయన కంచం పక్కకి నెట్టాడు. ఆ చప్పుడుకి నా మోకాళ్ళు, నన్ను అడక్కుండానే, లేవడం మొదలుపెట్టాయి. పన్నెండేళ్ళ అలవాటు, వాటి తప్పేముంది?

పిచ్చుక నా చీర పట్టుకుంది.

పెదాలు బిగించింది. మెడ నరాలు లేచాయి. "కూ..." అంది. కూర కావాలేమోనని మా అత్త గరిట పట్టుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. పది లెక్కపెట్టాను. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. ఇల్లంతా దాని నోటివైపే చూస్తోంది.

"కూ... ర్చో... అమ్మా."

కూర్చున్నాను. కాసేపటికి, ఉప్పుడబ్బా ఎక్కడ ఉంటుందని మా ఆయన అడిగాడు. పొయ్యి పక్కన, పై అరలో అని చెప్పాను. లేవలేదు.