రక్షిత కాళ్ళు

పెళ్ళయిన పదేళ్ళలో ఉమేశ్ ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో రక్షిత లెక్క పెట్టలేదు. పుట్టింటికి పోతానంటే కాళ్ళిరగ్గొడతా. సంతకు పోతానంటే కాళ్ళిరగ్గొడతా. ఆవు పాలు తక్కువిచ్చినా అదే మాట. ఆవు కాళ్ళా, పెళ్ళాం కాళ్ళా అని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆ చుట్టుపక్కల మొగుళ్ళందరి నోట్లో నానే మాటే కదా అని ఆమె కూడా ఎప్పుడూ చెవిన పెట్టలేదు. ఆ మంగళవారం పొద్దున మాత్రం అతను ఆ మాటతో పాటు దుడ్డుకర్ర కూడా తెచ్చాడు.

మాస్తి నుంచి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది వాళ్ళ ఊరు. రెండావులు, ముక్కాలెకరం రాగిచేను, బావి కింద మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు. ఇంట్లో మొగుడూ పెళ్ళాలు, ఉమేశ్ తల్లి అక్కయమ్మ. పని మాత్రం పదిమందికి సరిపోయేంత.

ఆ పనుల సందుల్లోనే రక్షిత తన పరుగును పెంచుకుంది. నాలుగింటికి లేచి పాలు పిండేస్తే, ఆరింటికి పురుగులకు ఆకు వేసేదాకా ఒక గంట మిగిలేది. ఆ గంటలో పది కిలోమీటర్లు. పురుగులు లేని వారాల్లో, అత్త పొరుగూరు పోయిన రోజుల్లో పదహారు, పద్దెనిమిది. ఫోన్‌లో చూసి రాసుకున్న పట్టికలో వారానికి రెండు రోజులు క్రాస్ ట్రైనింగ్ అని ఉంది. బరువులెత్తాలట, మెట్లెక్కాలట. అది చదివి ఆమె ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. ముప్పై కిలోల ఆకు మోపు నెత్తిన పెట్టుకుని రోజుకు నాలుగు తడవలు బావి గట్టెక్కే మనిషికి ఎత్తడానికి ఇంకేం బరువులు కావాలి? అయినా పట్టికను కాదనలేదు. పాలు పిండేటప్పుడు పీట పక్కన పారేసి మడమల మీద కూర్చునేది. అత్త సీరియల్‌లో మునిగిపోతే వెనక గదిలో మోచేతుల మీద ఒళ్ళంతా నిలబెట్టి, ప్రకటనలు వచ్చేదాకా కదలకుండా ఉండేది.

వచ్చే ఆదివారం ఊరిగాంలో పరుగు పందెం. ఆండర్సన్‌పేట చుట్టి మళ్ళీ ఊరిగాం చేరాలి, మొత్తం ఇరవై ఒక్క కిలోమీటర్లు. పాలకేంద్రంలో పని చేసే కుముద ఆమె పేరు రాయించింది. రక్షిత బతుకులో తనకోసం కోరుకున్నది అదొక్కటే. పతకం కోసం కాదు. ఇరవై ఒక్క కిలోమీటర్లు ఎవరూ పిలవకుండా, ఏ పనీ గుర్తుకు రాకుండా పోవచ్చు కదా అని.

కానీ పోయిన వారం ఎవడో ఆమె పరిగెత్తుతుంటే ఫోన్‌లో తీసి ఊరందరికీ పంపాడు. టీ అంగడి దగ్గర నవ్వులే నవ్వులు. "ఉమేశప్పా, మీ ఇంటామి ప్యాంటేసుకోని ఎవుని ఎనక ఉరకతా ఉండాదప్పా?" అన్నారట. ఆ రోజు నుంచి ఉమేశ్ ఇంట్లో అన్నం తినడం, అరవడం తప్ప మాట్లాడింది లేదు.

ఇక ఆ మంగళవారం సంగతి. పురుగులు నాలుగో జ్వరం లేచి మూడు రోజులైంది. పట్టుపురుగు తిండి మానేసి కుబుసం విడిచే నిద్రను అక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగుకు ఆకలి ఆగదు. తడవ తడవకూ మోపులు మోపులు ఆకు వేయాలి. ఇంకో నాలుగు రోజులు గడిస్తే గూళ్ళు కడుతుంది. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు వాసనది. మల్లెపూలు పెట్టుకుని, పౌడరు రాసుకుని, బీడీ తాగి షెడ్డులో అడుగు పెట్టకూడదు. ఘాటు తగిలితే పురుగు చచ్చిపోతుందని అక్కయమ్మ నమ్మకం, ఆమె అత్త నమ్మకం, ఊరందరి నమ్మకం.

ఆ పొద్దున పరుగు నుంచి వచ్చేసరికి రక్షిత మోకాలు సలుపుతోంది. ఘాటైన బామ్ పట్టించి రుద్దింది. ఆరవుతోందన్న కంగారులో కడుక్కోవడం మరచి అలాగే షెడ్డులోకి పోయి ఆకు వేసింది. తొమ్మిదింటికి అక్కయమ్మ కేక విని పరిగెత్తింది. వెనకే ఉమేశ్ కూడా వచ్చాడు. అరల మీద పురుగులు తలలు గిరగిరా తిప్పుతూ పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. కొన్ని అప్పటికే చచ్చి మెత్తబడ్డాయి. ఎవరూ అడగకముందే ఆమె నోరు తెరిచి తప్పు ఒప్పుకుంది.

"నేనే అత్తా. మోకాలికి బామ్ పూసుకోని లోపలికొచ్చినాను. కడుక్కునేది మరిసిపోయినాను."

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది చెవి మీద. ఉమేశ్ ఆమె జుట్టు పట్టి తలను షెడ్డు గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లి నోట్లో ఉప్పగా రక్తం. ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు. తగినదే, ఇంకా పడాలి అనుకుంది. ఇన్ని ప్రాణాలు తీసిన దానికి దెబ్బలు ఒక లెక్కా? కింద పడితే డొక్కలో తన్నాడు. ఊపిరి అందక ఆమె నేల మీద ముడుచుకుపోయింది.

ఆ నేల మీద పడి ఉండగానే తూర్పు గోడ వైపు నుంచి ఒక చప్పుడు వినిపించింది. చినుకులు పడుతున్నట్టు, సన్నగా, ఆగకుండా. పురుగులు ఆకు తింటున్న చప్పుడు! వాచిన కన్ను విప్పి చూసింది. తూర్పు అరల్లో ఒక్కటీ చావలేదు. చచ్చేవన్నీ పడమటి అరల్లోవి. రెండు వైపులా ఆకు వేసింది తనే, అదే మోకాలితో, అదే బామ్‌తో. తూర్పు వైపు వేసింది నిన్న సాయంత్రం బావి దగ్గర తను కోసిన ఆకు. పడమటి వైపు వేసింది తెల్లవారుజామున ఉమేశ్ కోసి బండి మీద తెచ్చిన మోపు.

"ఇదో, ఆ ఆకు యాడ కోసినావు?" అంది లేచి కూర్చుని.

ఉమేశ్ చెయ్యి గాల్లో ఆగింది.

"రోడ్డు పక్క, టమోటా తోట అంచున కోసినావు గదా? నిన్న మాపటేళ వాళ్ళు టమోటాకి మందు కొట్టినారు. ఆ అంచు సాళ్ళు ముట్టకూడదని నువ్వే నాకి చెప్పినావు. బండికి దగ్గరని కోసినావు గదా?"

ఉమేశ్ వంగి మిగిలిన ఆకు తీసి వాసన చూశాడు. అతని ముఖం చూస్తే చాలు, అది మందు వాసనేనని తెలిసిపోయింది. అక్కయమ్మ కూడా చూసింది. మొగుడు ఏమంటాడో అని రక్షిత ఎదురు చూసింది. ఇంత జరిగాక కూడా, ఒక్క మంచి మాట వస్తుందేమోనన్న పిచ్చి ఆశ.

అతను ఆ ఆకును కాలితో మూలకు తోసేశాడు. బయటికి పోయి దుడ్డుకర్రతో వచ్చాడు.

"పురుగులు పోతే పోనీ. ఈ పొద్దు నీ కాళ్ళ సంగతి తేలాల. అమ్మా, పట్టుకో దీన్ని. ఆదివారం ఎట్ల ఉరకతాదో నేనూ చూస్తా."

అక్కయమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత వచ్చి కోడలి చీలమండల మీద కూర్చుంది.

"ఒక్క దెబ్బకి ఒప్పుకోమ్మా, ఇంగ అంతా సరిపోతాది," అంది, పంటి నొప్పికి మందు వేసేటప్పుడు పిల్లలకు చెప్పినట్టు.

రక్షితకు అప్పుడు కోపం వచ్చింది. పదేళ్ళ కోపం. కాళ్ళు విదిలించి లాక్కుని, మోకాళ్ళు గుండెలకు ముడిచి ఒక్క తాపు తన్నింది. అక్కయమ్మ అరల కాళ్ళ మీద పడింది. కర్ర వచ్చి నేలను తాకి సిమెంటు పెళ్ళ లేచింది. రెండో దెబ్బ రక్షిత భుజం మీద పడింది. ఆమె వాకిలి దాటి ఉత్త కాళ్ళతో పరుగందుకుంది.

ఆడదాన్ని పది అడుగుల్లో పట్టుకుంటానని ఉమేశ్ బండి కూడా తీయకుండా కర్రతోనే వెంటపడ్డాడు. టమోటా తోటలో కాయలు కోస్తున్న జనం నడుములు లేపి చూశారు. అదే అతని కొంప ముంచింది. అందరూ చూస్తుండగా ఇక ఆగలేడు.

మొదట ఆమె ప్రాణభయంతో పరిగెత్తింది. తర్వాత వెనక అతని ఊపిరి వినిపించింది. రెండేళ్ళుగా తన ఊపిరి తను వింటున్న మనిషి, ఎవడి ఛాతీలో ఎంత మిగిలుందో వింటేనే తెలుస్తుంది. కిలోమీటరు తిరక్కుండానే అతని గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆమె వేగం తగ్గించింది. ఇరవై అడుగులు. అంతకంటే దగ్గరికి రానివ్వలేదు, అంతకంటే దూరం పోనివ్వలేదు. అతను తిట్టాడు, ఇంకా దగ్గరగా వచ్చాడు. ఆమె ముందుకు జరిగింది. అతను రాయి విసిరాడు. అది ఆమె తల వెనక తగిలి మెడ మీద నుంచి రక్తం కారింది. తుడుచుకుని అలాగే పోయింది. రాళ్ళు గుచ్చుకుని పాదాలు చీరుకుపోయాయి. నొప్పి తెలుస్తూనే ఉంది, కానీ ఆ నొప్పి కింద ఏదో సంతోషం. ఈ మనిషిని ఈ రోజు తన దారిన తను నడిపిస్తోంది.

నాలుగో కిలోమీటరులో, నీలగిరి తోపు దగ్గర, అతను మోకాళ్ళ మీద కూలబడి కక్కుకున్నాడు. కర్ర దొర్లిపోయింది. రక్షిత వెనక్కి వచ్చి దాన్ని తీసుకుంది.

కొట్టాలని ఆమె అనుకోలేదు. కర్ర తోపులోకి విసిరేసి పోదామనే అనుకుంది. అతను తలెత్తి, నోరు తుడుచుకుని, రొప్పుతూ నవ్వాడు.

"ఎంత దూరం ఉరకతావే? ఇంటికి రావల్ల గదా. నిద్దరపోవా నువ్వు? నిద్దర్లో ఇరగ్గొడతా."

నిజమే అనిపించింది ఆమెకు. నిద్దర్లో ఎవరూ పరిగెత్తలేరు. కర్ర రెండు చేతులా పట్టుకుని, ఆకు నరికేటప్పుడు ఎంత బలం పెడుతుందో అంతా పెట్టి అతని ముంగాలు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. ఉమేశ్ అరుపుకు తోపులో కాకులు లేచాయి. రెండో కాలు కూడా కొట్టాలని చేతులు లేచాయి. ఆ చేతులను చూసి ఆమెకే భయం వేసింది. కర్ర కింద పడేసింది.

మాస్తి పోలీసు స్టేషన్ అక్కణ్ణుంచి నాలుగు కిలోమీటర్లు. ఆమె ఆగకుండా పరిగెత్తింది. బల్ల వెనక ఉన్న కానిస్టేబుల్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"నా మొగుని కాలు ఇరగ్గొట్టినాను సార్. నీలగిరి తోపుకాడ పడుండాడు. ముందు అంబులెన్సు పంపండి, ఆమీన నా సంగతి రాసుకోండి."

అతను ఫోన్ చేశాడు. కుర్చీ జరిపి, నీళ్ళ సీసా ఇచ్చి, పుస్తకం తెరిచాడు.

"ఏమిటికి కొట్టినావమ్మా?"

"నా కాళ్ళు ఇరగ్గొట్టేకి వచ్చినాడు సార్."

అతను బల్ల మీద నుంచి వంగి చూశాడు. చీరుకుపోయిన పాదాలు, వాటి కింద గచ్చు మీద రక్తపు అడుగులు. విరిగినట్టు మాత్రం ఎక్కడా లేదు.

"నీ కాళ్ళు బాగానే ఉండాయి గదమ్మా?"

"బాగుండాయి కాబట్టే సార్," అంది రక్షిత, "చెప్పేకి వచ్చినాను."