అచ్చెక్కిన పుంటికూర పప్పు

తాండూరు గంజ్‌లో కందుల వ్యాపారం చేసే మొగులప్ప పేరెత్తితే జనం మొదట చెప్పేది ఆయన కందుల సంగతి కాదు, ఆయన భార్య ఇంద్రమ్మ వండే పుంటికూర పప్పు సంగతి. ఆ మాట ఇంద్రమ్మకూ తెలుసు. ఎవరైనా మెచ్చుకుంటే, "ఏమున్నదమ్మా అండ్ల, పప్పూ ఆకే గదా" అనేది. అని, వాళ్ళు కాదు కాదనేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు.

ఆ పప్పులో పప్పూ ఆకుతో పాటు మరొకటి ఉండేది. ఇంద్రమ్మ తల్లి సేడం ఆడపడుచు. ఆ కన్నడ సీమలో పులుపు ఉన్న ప్రతి గిన్నెలోనూ ఇంత బెల్లం పడాల్సిందే. పప్పు దించే ముందు గోలీకాయంత బెల్లం ముక్కను తల్లి వేసినట్టే ఇంద్రమ్మా వేసేది. కాకపోతే వేసేటప్పుడు వాకిలి వైపు ఒకసారి చూసుకునేది. ఎందుకంటే తాండూరులో పప్పులో బెల్లం వేసేవాళ్ళంటే నవ్వులాట. అటు వైపు నుంచి వచ్చిన కోడళ్ళను "బెల్లపోళ్ళు" అని ఏడిపించేవారు. ఏడిపించేవాళ్ళలో ఇంద్రమ్మదే పెద్ద గొంతు. "పప్పుల బెల్లమా! గట్లయితే పాయసమే వండుకోరాదు" అని పెళ్ళి పందిట్లో ఒక కొత్త కోడలి మొహం మీదే అన్నదావిడ.

పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరంలో వికారాబాదు నుంచి సుగుణాబాయి వచ్చింది. ఆవిడ వకీలు గారి భార్య, అక్కడి మహిళా మండలికి ప్రెసిడెంటు. ఈ రెండు తాలూకాల ఆడవాళ్ళ వంటలన్నీ కూడబెట్టి పుస్తకం అచ్చు వేయిస్తానని ఇల్లిల్లూ తిరుగుతున్నది. ఇంద్రమ్మ ఇంటి ముందు నాపరాతి అరుగు మీద కూర్చుని, పప్పు ఎట్లా చేస్తారో చెప్పమన్నది. ఇంద్రమ్మ కందిపప్పు చెప్పింది, పుంటికూర చెప్పింది, పచ్చిమిర్చి, ఎల్లిపాయ, పోపు అన్నీ చెప్పింది.

"ఇంతేనా?" అన్నది సుగుణాబాయి.

"ఇంతే. ఇంకేముంటది?" అన్నది ఇంద్రమ్మ.

పక్కింటి ఖుర్షీదా కూడా వచ్చి, పప్పులో మాంసం వేసి చేసే దాల్చా చెప్పింది. ఆమె పెనిమిటి జహూర్ బండల గనిలో మేస్త్రీ. ఆమె దాల్చా తినడానికి గని మీది షావుకార్లు సైతం ఏదో ఒక వంక పెట్టుకుని ఆ ఇంటికి వచ్చేవారు.

ఆరు నెలలకు "మా వైపు వంటలు" అనే పుస్తకం చేతికొచ్చింది. ఇంద్రమ్మ కూడబలుక్కుని చదవగలదు. ముందు తన పేరు చదువుకున్నది. మళ్ళీ చదువుకున్నది. వాకిట్లో పోయే పాలాయనను పిలిచి అతనికీ చదివి వినిపించింది. తర్వాత మిగతాది చదివితే, పుంటికూర ఎక్కడా కనబడలేదు. "గోంగూరను శుభ్రపరచి, తగినంత ఉప్పుతో ఉడికించిన మిక్కిలి రుచికరముగా నుండును" అని ఉన్నది. ఆకు ఒకటే అయినా, అచ్చు పుస్తకంలో పుంటికూర అంటే మోటుగా ఉంటుందని సుగుణాబాయి దాన్ని గోంగూర చేసింది. ఖుర్షీదా దాల్చాలో మాంసం తీసేసి ఆలుగడ్డ పెట్టింది, వకీలు గారింట్లో మాంసం ముట్టరు కనుక.

ఖుర్షీదాకు ఆ మాట చదివి చెబితే కోపగించుకుంటుందని ఇంద్రమ్మ ఆశపడ్డది. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "అక్కా, నా దాల్చాల నుంచి మ్యాక పారిపోయింది! మంచిగైంది, అదన్న బతికింది" అన్నది.

మరుసటి ఏడు వికారాబాదు నుంచి కబురు వచ్చింది. పుస్తకం రెండోసారి అచ్చు వేస్తున్నారు, వండి చూసినవాళ్ళ అభిప్రాయాలు వింటారు, వంటలు చెప్పినవాళ్ళు కూడా రావాలి. ఇంద్రమ్మ పెట్టెలోని ఇల్కల్ చీర తీసింది. దండ వేస్తే జడ నలిగిపోతుందని కొప్పు పెట్టుకున్నది. ఖుర్షీదాను వెంటబెట్టుకుని పొద్దున ప్యాసింజరెక్కింది.

సభ బడి గదిలో జరిగింది. ముప్పై, నలభై మంది ఆడవాళ్ళు బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. సుగుణాబాయి, "దాపరికం లేకుండా మీ మీ అభిప్రాయములు తెలుపవలెను" అన్నది. అది చెప్పాల్సిన పని లేదు.

మొదట లేచిన ఆవిడ, "అట్ట మందంగున్నది, పాలగిన్నె మీద మూతకు మస్తు పనికొస్తున్నది" అన్నది. ఇంకో ఆవిడ తమ అత్త వంట ఒక్కటి కూడా లేదు కనుక పుస్తకం చాలా బాగున్నదన్నది. ఆవిడ అత్త అక్కడే ఉన్నట్టు తెలిసి ఒక నిమిషం గలాటా అయింది.

అప్పుడు తపాలా గుమాస్తా భార్య భాగమ్మ లేచింది. "ఆ ఇంద్రమ్మ పప్పు నేను రాసింది రాసినట్టు చేసిన. జర గూడ పుల్లగ కాలే. ఆమెకు పులుపంటే ఏందో ఎర్కలేనట్టుంది."

"పుంటికూర ఎంత ఏసినవు?" అని కూర్చున్న చోటి నుంచే అడిగింది ఇంద్రమ్మ.

"పుంటికూర ఎందుకేస్త? పుస్తకంల గోంగూరన్నరు గద. బజారంత తిరిగిన, గోంగూర దొర్కలే. పుంటికూర మాత్రం కుప్పలు కుప్పలున్నది. ఇగ ఏం జెయ్యాలె? పాలకూర ఏసిన."

ఎవరూ నవ్వలేదు. చాలామంది తలూపారు. వాళ్ళూ పాలకూరే వేసినట్టున్నారు. సుగుణాబాయి కాగితం మీద "పులుపు చాలదు" అని రాసుకున్నది.

స్టేషన్ రోడ్డు నాగవ్వ అందుకున్నది. "నేను సుత రాసినట్టే చేసిన. ఇంట్ల కందిపప్పు అయిపోతే పెసరపప్పు ఏసిన. మా ఇంటాయనకు కడుపుల మంట, అందుకని మిరపకాయలెయ్యలే. ఎల్లిపాయ మాకు పడది. మొత్తం సప్పగున్నది. ఆ ఇంద్రమ్మెవరో గని, ఆమె ఇంటోళ్ళు దినాం ఎట్ల తింటున్నరో, పాపం."

"మావోళ్ళ గురించి నీకు ఫికరెందుకు!" అని లేవబోయిన ఇంద్రమ్మ కొంగు పట్టుకుని ఖుర్షీదా కూర్చోబెట్టింది. "ఊకో అక్కా. నా దాల్చా సంగతి గూడ రానియ్యి" అన్నది. దాల్చా సంగతి వచ్చింది. ఆలుగడ్డల దాల్చా అమోఘంగా ఉన్నదని నలుగురు మెచ్చుకున్నారు. ఖుర్షీదా లేచి అందరికీ ఆదాబ్ చేసి కూర్చున్నది. ఇంద్రమ్మకు అది మరింత కష్టమనిపించింది.

చివరగా మిషన్ బడి పంతులు మత్తయ్య భార్య శాంతవ్వ లేచింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి. "గోంగూరంటే పుంటికూరనే అని మా ఆయన జెప్పిండు. అన్నీ రాసినట్టే ఏసిన. ఉప్పు గూడ సరిపోయింది. చెడ్డగేం లేదు. గని ఏదో ఒకటి తక్కువున్నది. ఏందో తెలుస్తలేదు. నాలుక దేని కోసమో ఎదురు సూసినట్టుంటది."

నాగవ్వ మాటలకు మండిన ఇంద్రమ్మ ఈ మాటకు చల్లబడిపోయింది. ఆ గదిలో నిజం చెప్పింది ఈ ఒక్క మనిషే. "అచ్చుల తప్పు పడ్డది" అన్నది.

సుగుణాబాయికి రోషం వచ్చింది. "అచ్చు నేను స్వయంగా దిద్దినాను. మీరు చెప్పనిది ఏదైనా ఉంటే ఇప్పుడు చెప్పండి. అందరూ విందురు."

బెల్లం అన్న మాట ఇంద్రమ్మ నాలుక చివర దాకా వచ్చింది. ఎదురు బెంచీలో ఇద్దరు తాండూరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ పెళ్ళి పందిట్లో తను ఏడిపించిన ఆ కోడలే. ఇంద్రమ్మ మాట మింగేసింది. పాలకూర వేసిన మొహాలను, పెసరపప్పు వేసిన మొహాలను ఒక్కసారి కలియజూసింది.

"కుసుమలు" అన్నది.

"కుసుమలా?"

"కుసుమ గింజలు. రాత్రంత నానబోసి, తెల్లారి రోట్ల రుబ్బి, బట్టల పిండి, ఆ పాలు పప్పుల పొయ్యాలె. మిషన్ల పట్టిస్తె రుచి రాదు. చేత్తోనే రుబ్బాలె. గంట తక్కువ రుబ్బితె కాదు." కుసుమ గింజ పొట్టు ఎంత గట్టిదో, రుబ్బేవాళ్ళ భుజాలు ఏమవుతాయో ఇంద్రమ్మకు తెలుసు. తన పప్పులో తను ఏనాడూ ఒక్క గింజ వేయలేదు. ఒళ్ళు మండి చెప్పింది, వీళ్ళ రెక్కలు పడిపోనీ అని.

అందరూ "ఓహో" అన్నారు. శాంతవ్వ మాత్రం ఏదో ఆలోచిస్తూ ఉండిపోయింది.

రెండో అచ్చులో కుసుమలు వచ్చాయి. ఆ చలికాలం వికారాబాదులో తెల్లవారకముందే రోళ్ళు మోగసాగాయి. రెండు నెలలకు ఒక పెళ్ళికని తాండూరు వచ్చిన భాగమ్మ, వెతుక్కుంటూ ఇంద్రమ్మ ఇంటికి వచ్చి రెండు అరచేతులూ చాపి చూపింది. బొబ్బలు ఎండి కాయలు కాశాయి.

ఇంద్రమ్మకు లోలోపల సంతోషమైంది. "అయ్యో, ఇట్లైనయా" అన్నది.

"చేతులు పోతె పోనియ్యి, ఏం రుచమ్మా! గంత కష్టపడితె రుచి రాకుంటదా? మా ఇంటాయన ఇస్తరాకు నాకిండు."

"పుంటికూరనే ఏసినవా ఈసారి?"

"లే, పాలకూరనే. మాకదే అలవాటైపోయింది."

అంతటితో ఆగితే బాగుండేది. కందుల బేరానికి వికారాబాదు పోయిన మొగులప్ప అక్కడొక షావుకారు ఇంట్లో భోజనం చేసి వచ్చాడు. వస్తూనే చెప్పులన్నా విడవకుండా, "గంత మంచి పప్పు లోకానికంత నేర్పి, నాకేమో ఇరవై ఏండ్ల నుంచి ఉత్త పప్పు పెడ్తున్నవా?" అన్నాడు. అది అబద్ధమని చెబితే ఎందుకు చెప్పావంటాడు. ఇంద్రమ్మ ఆ రాత్రి కుసుమలు నానబోసింది. తెల్లారి గంట రుబ్బింది. మొగులప్ప లొట్టలు వేసుకుంటూ తిని, వారానికి రెండు రోజులు అదే చేయమన్నాడు. కుడి భుజానికి నూనె రాసుకుంటూ ఇంద్రమ్మ సుగుణాబాయిని, పుస్తకాన్ని, అచ్చు మిషను కనిపెట్టినవాడిని తిట్టుకున్నది.

రెండేళ్ళ తర్వాత మూడో అచ్చుకు మళ్ళీ సభ పెట్టారు. ఈసారి ఇంద్రమ్మకు దండ వేశారు. ఆవిడ దాన్ని సర్దుకునేలోపే వెనక బెంచీ నుంచి బీరమ్మ అనే కుల్కచర్ల ముసలావిడ లేచింది.

"దండ మంచిదే గని, ఆ కుసుమల పప్పు మాది. మా అవ్వ చేసేది. మూడు తరాల నుంచి మా ఇంట్ల అదే. ఈమె ఏడనో తిని పోయి పుస్తకంల రాయించుకున్నది."

ఇంద్రమ్మ దండ పట్టుకునే లేచి నిలబడ్డది. "మీ అవ్వ కుసుమపాలు పోసిందా? పప్పుల? నువ్వు సూసినవా?"

"సూసిన. గిట్ల, గోడకానుకోని కూసొని రుబ్బేది. రుబ్బి రుబ్బి అవ్వ చేతులు కాయలు కాసినయి. పండుగ దినం మా అందరికి పెట్టి, ఆఖరుకు గిన్నె తుడుసుకోని తినేది." బీరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ అబద్ధం చెబుతున్నట్టు ఏ కోశానా లేదు. బెంచీల మీద కొంగులు కళ్ళకు పోయాయి. ఒక్క క్షణం ఇంద్రమ్మకు కూడా గోడకానుకుని కూర్చున్న ఆ అవ్వ కనిపించింది.

"అది నాది! నేనే…" అన్నది, ఆగిపోయింది. నేనే కల్పించాను అంటే రెండేళ్ళుగా రోళ్ళు తిప్పిన ఆడవాళ్ళు తనను ఆ గదిలోనే రుబ్బేస్తారు.

సుగుణాబాయి రాజీ చేసింది. మూడో అచ్చులో, "కుల్కచర్ల ప్రాంతమున పూర్వకాలము నుండి చేయుచున్న వంట; సేకరణ: ఇంద్రమ్మ" అని వేస్తామన్నది. అందరూ చప్పట్లు కొట్టారు. మెడలో దండతో ఇంద్రమ్మ కూడా కొట్టింది.

సాయంత్రం స్టేషన్‌లో రైలు కోసం కూర్చుంటే శాంతవ్వ వెతుక్కుంటూ వచ్చింది. "ఇంద్రమ్మా, కుసుమలు పోసి సూసిన. ఆ తక్కువ అట్లనే ఉన్నది" అన్నది.

ఇంద్రమ్మ అటూ ఇటూ చూసి ఆమె చెవి దగ్గరకు వంగింది. "బెల్లం. గోలీకాయంత. దించే ముందుగాల."

శాంతవ్వ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "గదీ! రేపు ఏసి సూస్త" అని, చాలా రోజుల ముల్లు ఊడినట్టు తేలిగ్గా వెళ్ళిపోయింది.

రైలు ధారూరు దాటాక ఇంద్రమ్మ ఖుర్షీదాకు కూడా చెప్పేసింది, బెల్లం సంగతి, కుసుమల సంగతి. చెప్పి మొహం కిటికీ వైపు తిప్పుకున్నది.

"బెల్లం సంగతి నాకెర్కనే అక్కా" అన్నది ఖుర్షీదా. "మీ ఇంట్ల నుంచి పప్పు గిన్నె వచ్చిన దినం మా ఇంట్ల చీమలు వరస కడ్తయి. పుంటికూరకు చీమలేడ పడ్తయి?"

"మరిన్ని దినాలు ఒక్కనాడన్న అనకపోతివి?"

"అంటె మళ్ళ పంపుతువా?"

ఇంద్రమ్మ మొదట ఉడుక్కున్నది. తర్వాత నవ్వొచ్చింది. మెడలోని దండ తీసి ఖుర్షీదా ఒళ్ళో పడేసింది. ఇద్దరూ ఆ బంతిపూల వాసనల మధ్య తాండూరు దాకా ఏవేవో మాట్లాడుకుంటూ పోయారు.

ఇంటికి చేరేసరికి మొగులప్ప కంచం ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. "కుసుమలు నానబోసి పోయినవా?" అన్నాడు.

ఇంద్రమ్మ పొయ్యి మీద ఉత్త పుంటికూర పప్పే ఎక్కించింది. దించే ముందు వాకిలి వైపు చూడకుండా డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి, అతని ఎదురుగానే వేసింది.

"నా ఇంట్ల ఇదే. కుసుమలు గావాలంటె కుల్కచర్ల పో."