గోరువెచ్చని మూడు రోజులు

నేను ఒక గీజరును. మీ స్నానాలగదిలో గోడెక్కి కూర్చునే రకాన్ని కాదు. చక్రాల మీద తిరిగే ఇంట్లో, అంటే కారవాన్‌లో, మంచం కింద అరలో ఒదిగి ఉండే రకాన్ని. నా పొట్టలో ఇరవై రెండు లీటర్ల నీళ్ళు పడతాయి. అడుగున గ్యాసు మంట వెలుగుతుంది. ఇరవై నిమిషాలు ఓపిక పడితే పొగలు కక్కే నీళ్ళిస్తాను. ఆ ఇరవై నిమిషాల ఓపికే మనుషుల దగ్గర దొరకదు.

పూనా దగ్గర ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మొదట ఒక సినిమా హీరోగారి బండిలో నన్ను బిగించారు. ఆయన స్నానం హోటల్లోనే కానిచ్చేవాడు. బండిలో తల మాత్రం దువ్వుకునేవాడు. ఆరేళ్ళ పాటు పని లేకుండా గౌరవంగా బతికాను. తర్వాత ఆ బండిని ముక్కలు చేసి అమ్మేశారు. బెజవాడ ఆటోనగర్లో పాత సామాన్ల కొట్టుకి చేరి, లారీ రేడియేటర్ల మధ్య దుమ్ము తింటూ కూర్చున్నాను.

అక్కడికొచ్చాడు ఫణిభూషణం. బాపట్ల ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పాత మినీబస్సు ఒకటి కొని, తన చేతులతోనే దాన్ని ఇల్లుగా మార్చుకుంటున్నాడు. అప్పటికింకా అందులో మంచం లేదు, పొయ్యి లేదు. ముందుగా కొన్నది నన్నే.

"మా ఆవిడ చేతుల కోసమండీ," అన్నాడు కొట్టువాడితో.

ఆవిడ పేరు సత్యవాణి. ముప్పై ఏళ్ళు మిషను మీద జాకెట్లు కుట్టింది. వేళ్ళ కణుపులు వాచి, పొద్దున లేచేసరికి కొయ్యబారిపోయేవి. రోజూ కాసేపు వేడినీళ్ళలో చేతులు పెట్టుకోమని డాక్టరు చెప్పాడట. అరకు, అక్కణ్ణుంచి ఒరిస్సాలో పూరీ దాకా రెండు నెలలు తిరగాలని మొగుడూపెళ్ళాలిద్దరూ ముచ్చటపడ్డారు. ఏ ఊళ్ళో ఆగినా పొద్దున్నే వేడినీళ్ళుంటాయని మాటిచ్చి మరీ ఆవిణ్ణి బండెక్కించాడు.

మొదటి వారం ఆ మాట నేను నిలబెట్టాను. చేతులు గిన్నెలో ముంచి ఆవిడ "అమ్మయ్య" అనేది. హీరోగారి దగ్గర ఆరేళ్ళలో ఒక్కసారి కూడా వినని మాట అది.

పుష్యమాసంలో లంబసింగి ఎక్కాం. సాయంత్రం చేరేసరికి నేలంతా ఎర్ర బురద. తెల్లవారాక చూస్తే మంచు కమ్మి, పక్కనున్న కాఫీ తోటలో చెట్లే కనపడలేదు. సత్యవాణి ఎర్ర చుక్క ఉన్న వేడినీళ్ళ కుళాయి తిప్పి చేయి పెట్టింది. గోరువెచ్చగా వచ్చాయి. అంతకుమించి రాలేదు.

"ఇంకాసేపు ఆగు, కాగుతాయి," అన్నాడాయన.

నేను కాగుతూనే ఉన్నాను. నా పొట్టలో నీళ్ళు సలసలలాడుతున్నాయి. కుళాయి దగ్గరికెళ్ళేసరికి మాత్రం గోరువెచ్చన. ఎందుకో నాకూ అంతు చిక్కలేదు. నా మూతి దాటిన నీళ్ళ గతి నాకేం తెలుసు?

ఆయన స్క్రూడ్రైవర్ తీశాడు. గ్యాసు అందడం లేదేమోనని పొయ్యి వెలిగించాడు, భేషుగ్గా వెలిగింది. నా మంటగొట్టం ఊడదీస్తే లోపల సాలెగూడు కనపడింది. దొంగ దొరికినంత సంబరపడ్డాడు. సన్నటి తీగతో దాన్ని లాగేశాక నా మంట మరింత నీలంగా వెలిగింది. కుళాయి నీళ్ళు మాత్రం అలాగే వచ్చాయి.

"ఏవండీ," అంది సత్యవాణి పళ్ళు తోముకుంటూ, "నీలం చుక్క కుళాయిలో చన్నీళ్ళు కూడా కాస్త వెచ్చగానే ఉన్నాయండీ."

"బయట చలికి నీకలా అనిపిస్తుందిలే. ఇది వేరే సంగతి. నన్ను చూసుకోనీ."

ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని రోడ్డు పక్క టీ కొట్టుకి వెళ్ళింది. కొట్టు నడిపే చిన్నమ్ములు కట్టెల పొయ్యి మీద కుండతో నీళ్ళు కాచి, ఆవిడ ముందు పెట్టింది. చేతులు ముంచిన సత్యవాణి ముఖం విప్పారడం ఫణిభూషణం దూరం నుంచి చూశాడు. తన అరిచేతులకి అంటిన మసి వైపు చూసుకుని గిరుక్కున వెనక్కి తిరిగాడు. తాను చెయ్యలేని పని మూడు రాళ్ళూ ఒక కుండా చేసేశాయి.

రెండో రోజు నా పక్కనున్న చిన్న వాల్వు ఎత్తాడు. మరిగే నీళ్ళు చిమ్మి ఆయన చెయ్యి చుర్రుమంది. "ఇక్కడ మరుగుతున్నాయి, అక్కడ చల్లారుతున్నాయి. అయితే పైపుల్లోనే చలికి చల్లారుతున్నాయన్నమాట!" అని తన ఒంటి మీది శాలువా తీసి పైపులకు చుట్టాడు. వణుకుతూ కూర్చుని కుళాయి తిప్పాడు. గోరువెచ్చన. ఆ మనిషి మీద జాలేసింది నాకు. తిట్లన్నీ నాకే పడుతున్నా సరే, జాలేసింది.

మూడో రోజు పొద్దున స్పానర్ పట్టుకుని నా ముందు కూలబడ్డాడు.

"దీని పని అయిపోయింది వాణీ. విప్పేసి ఇంటికెళ్ళిపోదాం. పాత ఇనుము కింద తూకానికి వేసేస్తాను."

"అరకు?"

"ఈ చలిలో వేడినీళ్ళు లేకుండా నిన్నెలా తిప్పను? ఏం చూసుకుని బయల్దేరామసలు? ముప్పై ఏళ్ళు పిల్లలకి రిపేర్లు నేర్పాను. నీ చేతుల దగ్గరికొచ్చేసరికి నాకేమీ రాదని తేలిపోయింది."

సత్యవాణి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. వాచిన వేళ్ళతోనే స్పానర్ తీసి పక్కన పెట్టింది.

"నేనో మాట చెబుతాను, అడ్డు రాకుండా వింటారా? కుట్టు తప్పితే నేను ముందే మిషను విప్పను. దారం ఎక్కడ చిక్కుపడిందో కండె నుంచి సూది దాకా వేలితో తడుముకుంటూ వస్తాను. లేవండి. రెండు కుళాయిల కిందా చేతులు పెట్టండి."

పెట్టాడు. ఎరుపు కింద కుడిచెయ్యి, నీలం కింద ఎడమచెయ్యి. చేతులు మార్చి మళ్ళీ పెట్టాడు.

"రెండూ ఒకేలా ఉన్నాయి," అన్నాడు మెల్లగా. "ఎక్కడో కలుస్తున్నాయి. వేడినీళ్ళూ చన్నీళ్ళూ ఎక్కడో కలిసిపోతున్నాయి."

"మొన్న నేను చెప్పిందీ అదే."

ఇద్దరూ పైపుల వెంట పడ్డారు. ఆవిడ తడుముతూ ముందు, ఆయన టార్చి పట్టుకుని వెనక. వంటగట్టు కింద నుంచి, మంచం కింద నా పక్కగా, బండి వెనక గోడ దాకా వెళ్ళారు. ఆ గోడకి బయటి వైపు చిన్న తలుపున్న పెట్టె ఉంది. కాళ్ళు కడుక్కోవడానికి అందులో చేతి షవరు, దానికి వేడికొకటి, చలికొకటి రెండు కుళాయిలు. ఆయన తలుపు తెరిచాడు. షవరు పిడి మీది బొత్తాం మూసే ఉంది. కుళాయిలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. బయటికి పోయే దారి లేక వేడీ చలీ అక్కడ ఒకదాంట్లోకి ఒకటి చొరబడి, రెండు గొట్టాల్లోనూ గోరువెచ్చగా తిరిగొస్తున్నాయి.

తప్పించుకోవాలంటే ఆయనకి సాకులున్నాయి. కుళాయి వదులైందనొచ్చు, బండి కుదుపులకి తిరిగిందనొచ్చు. ఎవరూ చూడలేదు.

"నేనే," అన్నాడు. "వచ్చిన సాయంత్రం ఎర్ర బురద కడుక్కున్నాను. బొత్తాం ఒక్కటీ మూసి వచ్చేశాను. పాపం, ఆ గీజర్ని మూడు రోజులు తిట్టాను. నువ్వు మొదటిరోజే చెప్పావు, వినలేదు."

"ముందు స్నానం చేసొస్తాను," అంది సత్యవాణి. "తర్వాత నవ్వుతాను."

ఆయన రెండు కుళాయిలూ బిగించి కట్టాడు. నా నీళ్ళు తిన్నగా ఆవిడ దాకా వెళ్ళాయి, దారిలో ఎవరూ కలవకుండా. ఒక్క చుక్క వేడినీళ్ళు కూడా మిగలకుండా పోసుకుంది. బయటికొచ్చి పిడికిలి బిగించి చూసుకుంది. వేళ్ళు పూర్తిగా ముడుచుకున్నాయి.

"నీళ్ళయిపోయాయి. మీరు ఇరవై నిమిషాలు ఆగి వెళ్ళండి," అంది.

"ఆఁ ఆఁ," అంటూ ఆయన తువ్వాలు తీసుకుని అప్పుడే లోపలికి నడిచాడు.

లంబసింగి చన్నీళ్ళు ఒక్కసారిగా నెత్తిన పడ్డాయి. ఆ కేకకి టీ కొట్టు దగ్గర చిన్నమ్ములు గరిటె పట్టుకునే బయటికి పరుగెత్తుకొచ్చింది. సత్యవాణి మెట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

"చెప్పానుగా!"

"చెప్పావు!" లోపల్నుంచి పళ్ళు టకటకలాడుతుండగా అన్నాడాయన. "వినకపోవడం ఒక్కరోజులో పోతుందా వాణీ!"

పోదు. నేను చూసినంతలో మనుషులకది చాలా నెమ్మదిగా పోతుంది. నేను నా మంట వెలిగించుకుని ఆయన కోసం మళ్ళీ కాగడం మొదలుపెట్టాను.