చివర తీసేవాడి వంతు

మణికొండలో మా అపార్టుమెంటుకు ఆరు ఫ్లాట్లు, సెల్లార్‌లో ఆరు పార్కింగులు. లెక్క సరిపోయింది కాబట్టి ఇక గొడవలుండవని బిల్డర్ అనుకుని ఉంటాడు. కానీ ఆరింటిలో ఒకటి మాత్రమే లిఫ్ట్ పక్కన ఉంది. ఒకటో నంబరులో కారాపి తలుపు తీస్తే ఎదురుగా లిఫ్టే. మిగతా చోట్ల దిగితే రెండు కార్ల మధ్య పక్కకి తిరిగి, పొట్ట బిగబట్టి నడవాలి. ఆరో నంబరు మరీ మూలన, సంపు వెనక, స్తంభం చాటున ఉంటుంది. అక్కడ కారు పెట్టడం కన్నా మాదాపూర్‌లోనే వదిలేసి నడిచి రావడం నయమని మా సెక్రటరీ సురేంద్ర అంటాడు.

అందుకని ఏటా ఉగాది వెళ్లాక వచ్చే ఆదివారం చీటీలు తీస్తాం. స్టీలు డబ్బాలో ఆరు చీటీలు వేసి, ఫ్లాట్ నంబర్ల వరసన ఒక్కొక్కరం తీస్తాం. ఏది వస్తే ఏడాదంతా అదే. ఒక ఏడాది ఐదో ఫ్లాట్ ఉదయ్ భాస్కర్ దీనికి యాప్ తయారుచేశాడు. అది ఇద్దరికి మూడో నంబరిచ్చి, నాలుగోది ఎవరికీ ఇవ్వకుండా ఊరుకుంది. మళ్లీ స్టీలు డబ్బాకే వచ్చేశాం.

మూడో అంతస్తులో ఉండే పెంటయ్యకు పోయినేడాది ఆరో నంబరు వచ్చింది. ఆయన పట్టించుకోలేదు. ఈ చలికాలంలో ఆయన భార్య సీతాబాయికి రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయ్యాక పట్టించుకోవలసి వచ్చింది. కొత్తగూడ దవాఖానకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ వాకర్‌ను తలమీద ఎత్తిపట్టుకుని ఆయన ముందు, ఆయన చొక్కా పట్టుకుని ఆవిడ వెనక, కార్ల మధ్య నుంచి వచ్చేవారు. ఒకరోజు ఆవిడ కాలు జారి సురేంద్ర కారు అద్దం పట్టుకుంది. అద్దం ఊడింది, ఆవిడ పడలేదు. ఆ అద్దం తయారుచేసినవాళ్లు ఆవిడ నిలదొక్కుకునేదాకా ఊడనంత గట్టిగా బిగించినందుకు నేను మనసులో దండం పెట్టుకున్నాను.

అప్పుడు ఒకటో నంబరు ఉదయ్ భాస్కర్‌ది. కాకినాడ వైపు అబ్బాయి, ఇంటి నుంచే ఉద్యోగం. కారు నెలల తరబడి కదలదు. దాని మీది దుమ్ములో ఎవరో వేలితో పువ్వు గీశారు.

"మీరు తీసేసుకోండి పెంటయ్యగారూ, నాకెక్కడైనా ఒకటేనండి," అన్నాడు అతను.

"నాకెవ్వని మెహర్బానీ వద్దు," అన్నాడు పెంటయ్య. "ఈ జాగల నేను జొన్న ఏసిన. నా జాగల నా మీద దయ తలుస్తరా? చీటీల వస్తే తీసుకుంట. లేకుంటే లేదు."

"నీ పౌరుషం నా మోకాళ్లకు తెల్వదు," అంది సీతాబాయి.

ఆయన వినలేదు. అయితే ఒక్క షరతు పెట్టాడు. ఈసారి తానే మొదట తీయాలి. "పోయినేడు చివర తీసిన. ముందుగాల తీసినోళ్లంతా మంచియన్నీ ఏరుకున్నరు. చెత్త మిగిలింది."

దానితో అందరికీ మొదట తీయాలనిపించింది. మొదట ఎవరు తీయాలో చీటీలు వేద్దామని సురేంద్ర అన్నాడు. ఆ చీటీలు ఎవరు మొదట తీయాలని ఇంకెవరో అడిగారు. పెంటయ్య తప్ప అందరూ ఇంజనీర్లే. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు మాట్లాడింది ఉమాశ్రీ. మా ఎదురు ఫ్లాట్ వాసంతి కూతురు, పదో తరగతి. వాళ్లమ్మ ఆఫీసు క్యాబ్‌లో ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది కాబట్టి సాయంత్రాలు నా దగ్గర లెక్కలు చేసుకుంటుంది. నేను నేర్పేది తక్కువే. మా ఆవిడ పోయాక ఆ వేళకు ఇంట్లో ఒక మాట వినిపించడం నాకు అలవాటైంది. ఆ నెల మేం సంభావ్యత చేస్తున్నాం.

"మొదట తీసినా చివర తీసినా ఒకటే తాతా," అంది పెంటయ్యతో. "ఎవరికైనా ఆరింటిలో ఒక వంతే."

"అదెట్ల?"

"మొదటివాళ్లకి ఆరింటిలో ఒకటి. అవునా? రెండోవాళ్లకి రావాలంటే ముందు మొదటివాళ్లకి రాకూడదు. అది ఆరింటిలో ఐదు వంతులు. అప్పుడు మిగిలిన ఐదు చీటీల్లో ఒకటి వీళ్లది కావాలి. రెండూ గుణించి, పైన ఐదు కింద ఐదు కొట్టేస్తే మళ్లీ ఆరింటిలో ఒకటే."

పెంటయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "ఆ కొట్టేసుడుల ఏదో మోసముంది," అన్నాడు.

అందుకని మర్నాటి నుంచి మా ఇంట్లో ప్రయోగం మొదలైంది. బడిలో ప్రాజెక్టు ఎలాగూ ఇవ్వాలి. ఉమాశ్రీ ఆరు చీటీలు చేసి నా పప్పుల డబ్బాలో వేసింది. మొదటి ఐదు ఆమె తీస్తుంది, ఆరోది పెంటయ్య తీస్తాడు. మళ్లీ కలపడం, మళ్లీ తీయడం. మొత్తం అరవై సార్లు. పెంటయ్య ప్రతిసారీ చీటీని కళ్లకు అద్దుకుని మరీ విప్పాడు. సీతాబాయి వాకర్ పక్కన పెట్టుకుని సోఫాలో కూర్చుని చూసేది. నేను టీ పెట్టేవాణ్ని. నలుగురికి టీ పెట్టాలంటే ఇంట్లో ఉన్న చిన్న గిన్నె చాలదు. చాలాకాలం తర్వాత పెద్ద గిన్నె దించాను.

అరవై సార్లలో ఒకటో నంబరు చివరి చీటీగా పదమూడు సార్లు వచ్చింది.

"పది రావాలి కదా," అంది వాసంతి ఆఫీసు నుంచి వచ్చి, కూతుర్ని తీసుకెళుతూ. "పది అని రాసెయ్యి. టీచరు చీటీలు తెరిచి చూస్తుందా?"

"పదికి దగ్గర్లో రావాలి. పదే రావాలని లేదమ్మా. పదమూడు వచ్చింది, పదమూడే రాస్తాను."

"మార్కులు పోతాయే."

"పోనీ."

పెంటయ్య ఆ పిల్లని తేరిపార చూశాడు. "ఈ పోరి అబద్ధం రాయదు," అన్నాడు భార్యతో. తర్వాత నా వైపు తిరిగాడు. "సారూ, నాకు సమజైంది. చివరోనికే ఎక్కువొస్తున్నయి. నేను చివరనే తీస్త."

ఉమాశ్రీ తల పట్టుకుంది. "అలా కాదు తాతా! ఊరికే అలా వచ్చింది. ఇంకో అరవై తీస్తే ఏడు రావచ్చు."

"వచ్చింది గద?"

"వచ్చింది, కానీ..."

"వచ్చింది గద. ఇగ ఫికర్ లేదు."

సురేంద్రకు ఈ సంగతి చెప్తే, "అంటే పోయినేడాదిలాగే ఫ్లాట్ నంబర్ల వరసన అన్నమాట," అన్నాడు. వారంపాటు జరిగిన వాదన మొదలైన చోటికే చేరింది. ఎవరికీ నష్టం లేదు కాబట్టి అందరూ ఒప్పుకున్నారు.

ఉమాశ్రీ మాత్రం కుదురుగా లేదు. శనివారం సాయంత్రం లెక్కల మధ్యలో పెన్ను ఆపింది. "తాతగారూ, రేపు ఆయనకి రాకపోతే నన్నే అంటారు కదా?"

"రాకపోవడానికి ఎన్ని వంతులు?"

"ఆరింటిలో ఐదు."

"ఆ సంగతి ఆయనతో చెప్పావా?"

"చెప్పాను. పదమూడు అన్నారు."

ఆదివారం పొద్దున అందరం సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్నాం. సీతాబాయి కుర్చీ లిఫ్ట్ దగ్గర. డబ్బా ఉమాశ్రీ చేతిలో ఉంది. నాది మొదటి ఫ్లాట్ కాబట్టి నేనే ముందు తీశాను. నాలుగు. నా కారు అమ్మేసి రెండేళ్లయింది, అక్కడ స్కూటర్ ఒక్కటే ఉంటుంది. వాసంతికి రెండు. సురేంద్రకు మూడు. రెండో అంతస్తులోని రెండో ఫ్లాట్ వాళ్లకు ఐదు.

డబ్బాలో రెండు మిగిలాయి. లిఫ్ట్ పక్కది ఒకటి, స్తంభం చాటుది ఒకటి.

"ఇప్పుడు సగం సగం," అంది ఉమాశ్రీ చిన్న గొంతుతో.

"చెప్తినా?" అన్నాడు పెంటయ్య. "చివరిదాకా ఆగితే పెరుగుతనే ఉంటది."

ఉదయ్ భాస్కర్ డబ్బాలో చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. వేళ్లతో చదవగలిగితే బాగుండునన్నట్టు వెతికాడు. చివరికి తీసి విప్పాడు. అతని ముఖం చూస్తే లిఫ్ట్ పక్క చోటు కాదు, ఉద్యోగం ఊడిన మెయిల్ వచ్చినట్టుంది.

"ఒకటండి," అన్నాడు. "సారీ అండి."

పెంటయ్య మిగిలిన చీటీని కూడా కళ్లకు అద్దుకునే తీశాడు. విప్పకుండా జేబులో పెట్టుకున్నాడు. అందరం ఉమాశ్రీ వైపు చూడకూడదని నేల వైపు చూశాం.

"పోరి తప్పేం లేదు," అన్నాడాయన. "ఆరింట్ల ఒకటని ముందే చెప్పింది. నాకే మిగిలిన ఐదు ఇనబడలే."

"మార్చుకుందామండి, ప్లీజ్," అన్నాడు ఉదయ్ భాస్కర్. "నా కారు అసలు కదలదండి. స్తంభం చాటున ఉంటే దానికీ చల్లగా ఉంటుంది."

"వద్దంటే వద్దు."

"నీ ఇజ్జత్ నువ్వు మోసుకుంటవు," అంది సీతాబాయి. "నన్నెవరు మోస్తరు?"

ఉమాశ్రీ డబ్బా మూత పెట్టి, మళ్లీ తీసింది.

"బొమ్మా బొరుసూ వేద్దాం తాతా. బొమ్మ పడితే మార్చుకోవాలి. బొరుసు పడితే ఏడాదంతా ఆరే. ఇందులో దయ ఏం లేదు. నాణేనికి మీరెవరో తెలీదు."

"బొరుసు పడితే మళ్లొకసారి అనొద్దు."

"అనను."

ఆయన ఓడిపోయే వీలున్న పందెం కాబట్టి ఒప్పుకున్నాడు.

అయితే నాణెం లేదు. అందరి జేబుల్లోనూ ఫోన్లే ఉన్నాయి. పాలవాడికి ఫోన్, కూరగాయలకు ఫోన్. ఉదయ్ భాస్కర్ తన ఫోన్‌లో నాణెం వేసే యాప్ ఉందన్నాడు. యాప్ అన్న మాట వినగానే సురేంద్ర దగ్గాడు.

నేను పైకి వెళ్లాను. దేవుడి గూట్లో మా ఆవిడ హుండీలకని దాచిన చిల్లర డబ్బా ఉంది. అది ఆవిడ పోయినప్పటి నుంచీ అలాగే ఉంది. మూత తీయడానికి కొంచెం కష్టపడాల్సి వచ్చింది. పైనున్న రెండు రూపాయల నాణెం తీసుకుని కిందికి వచ్చాను. కిందివాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే కూర్చుని ఉన్నారు, నేను పైన ఎందుకంతసేపు ఉన్నానో ఎవరూ అడగలేదు.

ఉమాశ్రీ ఎగరేసింది. నాణెం పైకి లేచి, పైపుకు తగిలి, నేల మీద పడి, దొర్లుకుంటూ ఉదయ్ భాస్కర్ కారు కిందికి పోయింది.

ఎవరూ కదలకముందే ఆ పిల్ల బోర్లా పడుకుని కారు కిందికి దూరింది. బయటికి కాళ్లు మాత్రం కనబడుతున్నాయి. ఒక నాణెం ఏ వైపు పడిందో చూడటానికి అంతసేపు పట్టదు.

"ఏం పడ్డదే?" అని అరిచాడు పెంటయ్య.

జడకు సాలెగూడుతో బయటికి వచ్చింది. పిడికిలి బిగించి ఉంది.

"బొమ్మ," అంది స్తంభం వైపు చూస్తూ.

"తీసి తెచ్చినవా? ఆడనే ఉంచాలె గద. మేం చూడొద్దా?"

ఉదయ్ భాస్కర్ తన కారు టైరును శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"ఏం జూస్తవు?" అంది సీతాబాయి. "పదమూడును పది రాయని పిల్ల. దానిమాట నమ్మవా?"

పెంటయ్య ఉమాశ్రీని చూశాడు. జేబులోంచి ఆరో నంబరు చీటీ తీసి, మడత సరిచేసి, ఉదయ్ భాస్కర్ చేతిలో పెట్టాడు.

"అదీ నిజమే," అన్నాడు. "కారు తియ్యి బాబూ. జర జల్ది."

కారు బ్యాటరీ డౌనై స్టార్ట్ కాలేదు. అందరం కలిసి తోశాం. పెంటయ్య అందరికన్నా గట్టిగా తోశాడు.

తర్వాత నేనూ ఉమాశ్రీ లిఫ్ట్ ఎక్కాం. ఒక్క అంతస్తుకు లిఫ్టెందుకని ఎప్పుడూ మెట్లెక్కే పిల్ల, ఆ రోజు నా పక్కనే నిలబడింది.

"తాతగారూ, నేను ఎగరేసినప్పుడు బొమ్మ పడే సంభావ్యత ఎంత?"

"సగం."

"కారు కింద దూరాక?"

"నువ్వే చెప్పు."

ఆమె పాఠంలో ఉన్న మాటే చెప్పింది. "ఒకటి. ఖచ్చిత ఘటన."

తలుపు తెరుచుకుంది. పిడికిలి విప్పి నాణెం నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది.

"దీన్ని హుండీలో వేసేయండి," అంది. "నా పేరు మీద."

వేస్తానన్నాను.